అనాస్తాసియో మామయ్య నిద్ర

మా మెసీయా ఊళ్ళో ఇల్లంటే గోడలు కాదు. గోడలదేముంది, నది ఒడ్డున మట్టి ఉంది, చేలో గడ్డి ఉంది, పైన ఎండ ఉంది, ఇటుకలు ఎన్ని కావాలంటే అన్ని. ఇల్లంటే ఆ గోడల మీద అడ్డంగా పరిచే దూలాలు. వాటికి పనికొచ్చే పైన్ చెట్టు మా పల్లంలో మొలవదు. ఎడ్లబండి కట్టుకుని కొండల్లోకి వెళ్ళాలి, అక్కడి అపాచీ తెగవాళ్ళ కంటపడకుండా కొట్టుకురావాలి. ఆ కొండలు వాళ్ళవి. మేమూ ఒకప్పుడు వాళ్ళ నేల మీదికి వచ్చి కూర్చున్నవాళ్ళమే, కాకపోతే ఆ మాట మా మామయ్య ముందర ఎవరూ ఎత్తేవారు కాదు. అందుకే మావాళ్ళు ఊరు మారాల్సివస్తే గోడల్ని వానకి వదిలేసి దూలాలు పట్టుకుపోతారు.

మామయ్య పేరు అనాస్తాసియో. మా మేనత్త కాసిమిరాకి మొగుడు. చెప్పబోయేది ఆయన సంగతే గానీ చెప్పేకొద్దీ అత్త సంగతిలోకి జారిపోతుంది, నన్ను తిట్టుకోవద్దు. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు, గొంతు ఎప్పుడూ లేవదు. మొక్కజొన్న, మిరప వేసేవాడు. కాలవ నీళ్ళు తన వంతుకి వస్తే చేను తడుపుకుని, మిగిలిన నీళ్ళు పక్కవాడి చేలోకి తిప్పేసి వచ్చేవాడు. అంత మంచివాడు. ఉన్న రోగమల్లా ఒకటే, నోట్లోంచి మాట జారిందంటే దాన్ని వెనక్కి తీసుకోవడం చేతకాదు. ఒకసారి మంగలితో మాటా మాటా అనుకుని, నీచేత గడ్డం గీయించుకోనన్నాడు. ఊళ్ళో ఇంకో మంగలి లేడు. అప్పటినుంచి అత్తే గొర్రెల కత్తెరతో ఆయన గడ్డం కత్తిరించేది. పంతం ఆయనది, చాకిరీ ఆవిడది. ఆ ఇంటి పద్ధతే అంత.

మొదట్లో మేమంతా నదికి తూర్పున దోన్యా ఆనాలో ఉండేవాళ్ళం. ఉత్తరాదివాళ్ళతో, అంటే మా పైనున్న దేశంవాళ్ళతో యుద్ధం వచ్చింది, మా మెక్సికో ఓడిపోయింది. ఆ యుద్ధంలో క్రిస్మస్ పూట మామయ్య తమ్ముడు విసెంతే పోయాడు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు వాడికి. తల్లి లేని పిల్లాణ్ణి మామయ్యే ఎత్తుకుని పెంచాడు. యుద్ధం సద్దుమణిగాక గెలిచినవాళ్ళు వచ్చి, నదికి ఈ ఒడ్డంతా ఇక మాదే అన్నారు. ఉండేవాళ్ళు ఉండొచ్చు, పోయేవాళ్ళు పోవచ్చు అన్నారు. మావాళ్ళు వారాల తరబడి తర్జనభర్జన పడ్డారు. మామయ్య మాత్రం ఆ సాయంత్రమే నిచ్చెన వేసుకుని ఇంటి కప్పు ఎక్కాడు.

దూలాల్ని తెప్పలా కట్టి నది దాటించాం. అవతలి ఒడ్డు ఇంకా మెక్సికోదే. అక్కడే ఈ మెసీయా లేచింది. అయితే దూలాలతో ఒక చిక్కుంది. గోడలో దిగిన కొసలు మట్టి చెమ్మకి పుచ్చిపోతాయి. ఊడదీసినప్పుడల్లా ఆ పుచ్చు కోసి పారెయ్యాలి. దాంతో కొత్తింటి గదులు పాతింటికంటే మూరెడు ఇరుకయ్యాయి. అత్త పెళ్ళినాటి చెక్కపెట్టె గోడకీ మంచానికీ మధ్య పట్టలేదు.

"వాళ్ళ దేశం పెరిగింది, నా ఇల్లు తరిగింది," అంది అత్త, పెట్టెని బయటికి ఈడుస్తూ.

"ఇక్కణ్ణించి ఇంక కదిలేది లేదులేవే," అన్నాడు మామయ్య.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కొమ్మలు పాతి అల్లిన చర్చిలో మొదటి పూజ జరిగిన రోజున, మా ఊరి పునీతుడు సాన్ అల్బీనో బొమ్మ పాదాలు పట్టుకుని, ఊరంతా వినేట్టు అన్నాడు. "విసెంతేని చంపినవాళ్ళ జెండా ఎగిరే నేల మీద నేను నిద్రపోను. పోయానంటే, పైలోకంలో నా తమ్ముడు నాకు మొహం చూపించక్కర్లేదు."

ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జెండా నదికి అవతల ఉంది, మేం ఇవతల ఉన్నాం. అలాంటి ఒట్టు ఎవరైనా పెట్టుకోవచ్చు.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. ఒక ఎండాకాలం, దక్షిణాన చిహువావా దారిన వచ్చే గాడిదలవాళ్ళు ఒక కబురు మోసుకొచ్చారు. మా నేలని అమ్మేశారట. యుద్ధం లేదు, తుపాకీ పేలలేదు. ఉత్తరాదివాళ్ళకి పడమటి సముద్రం దాకా రైలుబాట కావాల్సొచ్చిందట, రాజధానిలో మా పెద్దలకి డబ్బు కావాల్సొచ్చిందట. మా పల్లాన్నీ దాని వెనకాల ఉన్న ఎడారినీ కలిపి గుత్తగా అమ్మేశారట. అమ్మినవాళ్ళకి మెసీయా అనే ఊరొకటి ఉందని తెలుసో లేదో.

"గొర్రెల్ని అమ్మితే వాటి ఎదురుగానే బేరమాడతాం. వాటికున్న మర్యాద మనకి లేకపోయిందిరా," అన్నాడు మా నాన్న.

మామయ్య తింటున్న రొట్టె అలాగే వదిలేసి లేచి, బయటికెళ్ళి బండి చక్రాలు కదిపి చూసుకొచ్చాడు. అది చూసి అత్త వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

ఎందుకంటే ఇంట్లో లూగార్దా ఉంది. వాళ్ళకి ఒక్కతే కూతురు. నాకంటే ఏడాది చిన్నది. దాని మొగుడు ప్రూదెన్సియో గాడిదలు తోలుకుంటూ ఊళ్ళమ్మట తిరిగేవాడు, పురుడుకీ చావుకీ అందే మనిషి కాదు. కిందటేడు లూగార్దా నెలలు నిండకుండా, బండిలో తిరునాళ్ళకి వెళ్ళి వస్తూ దారిలో ప్రసవించింది. బిడ్డ దక్కలేదు. అది కూడా చావు తప్పి బయటపడింది. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. మంత్రసాని ఉర్సులా పొట్ట తడిమి చూసి, చేతులు తుడుచుకుంటూ మామయ్యకి వినబడేట్టు చెప్పింది.

"ఈ పిల్లని బండెక్కించారా, రెండు గుంటలు తవ్వించుకోండి. నన్ను మాత్రం పిలవకండి."

అటు చచ్చిపోయిన తమ్ముడు, ఇటు బతికున్న కూతురు. మా ఇల్లూ వాళ్ళిల్లూ ఒకే గోడ. మామయ్య దగ్గితే నాకు వినపడేది.

మొక్కజొన్న కోతలు అవగానే ఆయన నిచ్చెన తీశాడు. ముందు ధాన్యం కొట్టు కప్పు విప్పాడు. తరవాత వంటగది కప్పు విప్పాడు. దూలాలు దింపి, పుచ్చిన కొసలు కోసి, బండిలోకి ఎక్కించాడు. అత్త ఆకాశం కింద కూర్చుని బీన్సు ఉడికించేది.

"పొగ బాగా పోతోందయ్యా. ఇంతకుముందు కళ్ళు మండేవి," అనేది. "ఈసారి ఇల్లు కడితే అందులో నిలబడ్డానికి చోటుంటుందా, లేక నేను పక్కకి తిరిగి నడవాలా?"

"జెండా వచ్చేలోపు బిడ్డ పుడితే వెళ్దాం. పుట్టకపోతే..." అనేవాడు మామయ్య.

"పుట్టకపోతే?"

ఆయన గొడ్డలి తీసుకుని ఇంకో పనికి పోయేవాడు.

చివరికి కప్పున్నది ఒక్క ముందుగదే మిగిలింది. అందులో లూగార్దా కాళ్ళకింద దిండ్లు పెట్టుకుని పడుకుని ఉండేది. పైన నాన్న అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా దాని కళ్ళు కప్పువైపు తిరిగేవి.

"పీఫా, ఇవాళ ఏది విప్పుతున్నాడే?" అని అడిగేది నన్ను.

"నీ గది జోలికి రాడులే. అత్త నిచ్చెన మెట్లు రెండు ఊడబీకి పొయ్యిలో పెట్టేసింది," అన్నాను. అది నిజమే.

దక్షిణాన మిగిలిన మెక్సికోకి వెళ్ళిపోయేవాళ్ళు ఒక గుంపుగా బయల్దేరారు. బండ్లనిండా దూలాలు, తలుపులు, కోళ్ళు. మామయ్య వీధిలో నిలబడి వాళ్ళని సాగనంపాడు. ప్రతివాడూ బండి ఆపి, నువ్వు రావట్లేదా అనాస్తాసియో అని అడిగాడు. వెనకాలే వస్తున్నా, నడవండి అన్నాడు అందరితో. బండ్ల కీచుమోత వినపడడం మానేశాక కూడా ఆయన అక్కడే ఉన్నాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు, కోపం వచ్చింది. మాటకి కట్టుబడే మగాళ్ళని మెచ్చుకునే ఊరు మాది. ఆ మాట కింద ఎవరు నలుగుతున్నారో చూసే అలవాటు మాత్రం మాకు లేదు.

నవంబరులో ఒకరోజు, నదికి అవతలున్న కోటలోంచి సిపాయిలు బాజాలతో దాటి వచ్చారు. చర్చి ముందు మైదానంలో మా జెండా దింపి, వాళ్ళ జెండా ఎక్కించారు. ఒకాయన కాగితం చదివాడు, ఇంకొకాయన దాన్ని మా భాషలో చెప్పాడు. మీ ఇళ్ళు మీవే, మీ పొలాలు మీవే, మీరు మాత్రం మావాళ్ళు అన్నట్టు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మామయ్య మైదానానికి వీపు పెట్టి బండి మీద కూర్చుని ఉన్నాడు. ఎడ్లని కాడికి కట్టేశాడు కూడా. లూగార్దాకి ఇంకా నొప్పులు మొదలవలేదు.

బాజాలు ఆగాక దిగి, ఎడ్లని విప్పి, అత్త దగ్గరకొచ్చాడు.

"ఉంటాను. పిల్ల లేచేదాకా ఉంటాను. కానీ నిద్రపోను."

"నిద్రపోకుండా ఎన్నాళ్ళుంటావయ్యా?"

"ఉన్నన్నాళ్ళు."

మొదట్లో మాకది నవ్వులాటగానే ఉంది. చీకటి పడితే కాలవగట్టున పచార్లు చేసేవాడు. పచ్చిమిరపకాయ నములుతూ ఉండేవాడు. తెల్లారకముందే చన్నీళ్ళలో తల ముంచేవాడు. ఊళ్ళోవాళ్ళు, మా దొడ్డి కూడా చూస్తూండు అనాస్తాసియో, ఎలాగూ మేలుకునే ఉంటావుగా అని వేళాకోళమాడారు. ఆయనా నవ్వాడు. తరవాత నవ్వు ఆగిపోయింది. కళ్ళు ఎర్రగా ఉబ్బిపోయాయి. ఎద్దుకి పెట్టాల్సిన తవుడు తీసుకెళ్ళి కుక్క ముందు పోశాడు. నన్ను పట్టుకుని, "విసెంతే ఎక్కడికి పోయాడే, అన్నానికి పిలువు," అన్నాడు. మర్నాడు దూలం కొస కోస్తుంటే రంపం మోకాలి మీదికి జారింది. చర్మం చీరుకుపోయింది. ఆయన దాన్ని చూశాడే గాని, అది తన కాలేనన్న ధ్యాస లేదు.

లూగార్దాకి నొప్పులు ఆ సాయంత్రమే మొదలయ్యాయి. ఉర్సులా, అత్త, నేను లోపల ఉన్నాం. బయట గుమ్మం పక్కన మామయ్య. లోపల అది మూలిగినప్పుడల్లా బయట ఆయన గోడకేసి పిడికిలి కొట్టుకునేవాడు. ఎవరి గురించి ముందు భయపడాలో నాకు తెలియలేదు. అత్త మాత్రం మధ్యమధ్యలో తలుపు సందులోంచి చూసి, "ఏవయ్యా, నిలబడే ఉన్నావా?" అని అడిగి వచ్చేది. పొద్దెక్కేసరికి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడ్చింది, గట్టిగా ఏడ్చింది. అత్త నేల మీద కూలబడిపోయి కొంగుతో మొహం కప్పుకుంది.

కానీ గండం గడవలేదు. లూగార్దాకి రక్తం చాలా పోయింది. ఉర్సులా మళ్ళీ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"మనవరాలు, అయ్యా. తల్లి కూడా బతుకుతుంది, మీరు బతకనిస్తే. నలభై రోజులు గాలి తగలకూడదు, మంచం దిగకూడదు. ఆ నలభై రోజులూ ఈ కప్పు ఇక్కడే ఉండాలి."

మా దగ్గర బాలింతకి నలభై రోజుల పథ్యం మామూలే. ఎవరూ తప్పరు. ఆ మాట మామయ్యకి కొత్తేం కాదు. అయినా అప్పుడే మొదటిసారి విన్నవాడిలా పెదాలు కదుపుతూ ఉండిపోయాడు. నలభై రోజులు మేలుకుని ఉన్న మనిషి లేడు. అది ఆయనకీ తెలుసు.

మా నాన్న వెళ్ళి పాదిరిని తీసుకొచ్చాడు. సాన్ అల్బీనో పేరు మీద పెట్టుకున్న ఒట్టు కదా, నేను విడిపిస్తాను, ఇంటికెళ్ళి పడుకో నాయనా అన్నాడు పాదిరి.

"సాన్ అల్బీనో సాక్షి మాత్రమే, పాదిరిగారూ," అన్నాడు మామయ్య. "ఒట్టు విసెంతేతో. వాణ్ణి తీసుకురండి. వాడు విడిపిస్తే పడుకుంటాను."

పాదిరి గాల్లో శిలువ గుర్తు వేసి వెళ్ళిపోయాడు. మామయ్య తూలుకుంటూ వెళ్ళి బండి పక్కన నిలబడ్డాడు. కాసేపాగి చూస్తే ఎడ్లని తెచ్చి కాడికి కడుతున్నాడు. నేనొక్కణ్ణే పోతాను, సరిహద్దు గీత దాటి ఒక నిద్ర తీసి తిరిగొస్తానంటాడు. ఆ కళ్ళతో బండి తోలితే నది పాయలో పడి చావడమో, దారిలో ఎవరి చేతిలోనో చావడమో ఖాయం. పలుపు ముడి వెయ్యడానికే ఆయన వేళ్ళు వంగట్లేదు. మా నాన్న ఆపబోతే తోసేశాడు. ఎప్పుడూ ఎవరి మీదా చెయ్యి ఎత్తని మనిషి.

అప్పుడు అత్త లోపల్నించి వచ్చింది. గొంగళిలో చుట్టిన బిడ్డ చేతుల్లో ఉంది. ఆపలేదు, ఏడవలేదు, ఒట్టు సంగతే ఎత్తలేదు.

"ఏవయ్యా, పోదువుగాని. ఒక్క నిమిషం దీన్ని పట్టుకో. గుడ్డలు ఉతకాలి, నా చేతులు ఖాళీ లేవు."

"పీఫాకి ఇవ్వు."

"పీఫా నీళ్ళు తేవాలి. మనవరాలిని పట్టుకోవడానికి కూడా ఒట్టు అడ్డమొస్తుందా?"

ఆయన చేతులు చాచాడు. అత్త బిడ్డని అందులో పెట్టి, వీధిలో గాలి కొడుతోంది, బిడ్డకి జలుబు చేస్తుంది, అటు కూర్చో అని దక్షిణపు గోడవైపు చూపించింది. చలికాలంలో మా ముసలివాళ్ళంతా అక్కడే చేరతారు. మట్టిగోడ పొద్దున్నించీ ఎండకి కాగి మధ్యాహ్నానికి వెచ్చగా ఉంటుంది, గాలి రాదు. మామయ్య గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. బిడ్డని ఎత్తుకుని పచార్లు చెయ్యడానికి లేదు, మిరపకాయ నమలడానికి చెయ్యి ఖాళీ లేదు. బిడ్డ ఆయన రొమ్ము మీద తల పెట్టి నిద్రపోతోంది. నేను కడవ పట్టుకుని కాలవదాకా వెళ్ళి వచ్చేసరికి ఆయన గడ్డం ఛాతీమీదికి దిగిపోయింది.

అత్త ఉతుకుతున్నది ఏమీ లేదు. ఖాళీ తొట్టి ముందు కూర్చుని ఆయన్నే చూస్తోంది. నావైపు తిరిగి వేలు పెదాల మీద పెట్టింది. నేను లోపలికి వెళ్ళి లూగార్దాకి సైగ చేశాను. అది దిండు కొరుకుతూ ఏడ్చింది. అత్త ఎడ్లని తనే విప్పింది, మెడలో గంటలు గుప్పిట్లో పట్టుకుని. వీధిలో ఎవరొచ్చినా ఎదురెళ్ళి వెనక్కి తిప్పేసింది. ఇద్దరు సిపాయిలు గుర్రాల మీద వచ్చారు, దూలాల బండి చూసి ఏదో అడగబోయారు. అత్త వాళ్ళకి గోడవైపు చూపించి రెండు చేతులూ చెంపకింద పెట్టుకుంది. వాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అనుకుని మెల్లిగా పక్క సందులోకి తిరిగిపోయారు. నాకు మాత్రం లేచాక ఈయన ఏం చేస్తాడు అన్నదే భయం. ఒట్టు తప్పాననుకున్న మనిషి ఏ నూతిలో పడతాడో, ఎవరు చెప్పగలరు?

నీడ ఆయన మోకాళ్ళ దాకా వచ్చేసరికి చలి తగిలి కళ్ళు తెరిచాడు. ముందు నీడని చూశాడు. తరవాత ఎండ ఎక్కడిదాకా పోయిందో చూశాడు.

"కాసిమిరా, నేను నిద్రపోయానా?"

"ఎవరు, నువ్వా?" అంది అత్త, లేని గుడ్డలు పిండుతూ. "లేదే."

"అబద్ధం చెప్పకు. పొద్దు వాలిపోయింది."

"పొద్దు వాలితే నువ్వు నిద్రపోయినట్టా? చేతులు చూసుకో. నిద్రపోయినవాడి చేతుల్లోంచి పిల్ల జారిపోదూ? నువ్వు పట్టు వదిలావా?"

ఆయన చూసుకున్నాడు. వేళ్ళు గొంగళి చుట్టూ బిగుసుకుని అలాగే ఉన్నాయి. బిడ్డ కదల్లేదు. నావైపు తిరిగాడు.

"పీఫా, నువ్వు చెప్పు. నువ్వు నాతో అబద్ధమాడవు."

నేను అత్తని చూడలేదు. "కాపలా కాస్తున్నారు, మామయ్యా," అన్నాను. "కదలకుండా కాస్తున్నారు."

ఆయన నమ్మలేదని నాకు తెలుసు. నమ్మకపోతే ఏమవుతుందో ఆయనకీ తెలుసు. లోపల్నించి లూగార్దా దాహమని అడిగింది. ఆ గొంతు విని, బిడ్డని ఇంకాస్త దగ్గరకి తీసుకున్నాడు.

"అవును. పట్టు వదల్లేదు," అన్నాడు.

ఆ నలభై రోజులూ అలాగే గడిచాయి. చీకటి పడగానే పొయ్యి పక్కన గోడకి ఆనుకుని కూర్చునేవాడు, అత్త బిడ్డని ఒళ్ళో పెట్టేది. తెల్లారేదాకా కాపలా కాసేవాడు. గురక పెడుతూ కాపలా కాసేవాడు. ఎవరైనా నవ్వబోతే అత్త ఒక్క చూపు చూసేది, అంతే. పథ్యం రోజులు అయ్యేసరికి ప్రూదెన్సియో దిగాడు. కూతుర్ని ముద్దాడి, కాళ్ళు కడుక్కుని, దక్షిణాది కబుర్లు చెప్పాడు. ముందు వెళ్ళిన గుంపు ఒకచోట ఆగి గోడలు లేపుకున్నారట. సరిహద్దు కొలతలవాళ్ళు ఇప్పుడే దిగుతున్నారట. ఆ చోటు ఏ దేశంలోకి వస్తుందో అక్కడెవరికీ తెలియదట.

"గీత ఎక్కడో గీసేవాళ్ళకే ఇంకా తెలీదు, మావయ్యా. ఈలోగా మీరు ఇంటి కప్పు ఎక్కడ దింపుతారు?"

మామయ్య ఆ రోజంతా ఆలోచించాడు. మర్నాడు బండిలోంచి వంటగది దూలాలు దింపాడు. మళ్ళీ విప్పాల్సిందేగా, గట్టిగా బిగించక్కర్లేదు అంటూనే బిగించాడు. మళ్ళీ కొసలు కోసిన దూలాలు కదా, గోడలు లోపలికి జరిపి కట్టాల్సొచ్చింది. ఆ వంటగదిలో అత్త నిజంగానే పక్కకి తిరిగి నడిచేది.

పంటలయ్యాక వెళ్దాం అన్నాడు ఆ ఏడు. కాలవ పూడిక తీశాక వెళ్దాం అన్నాడు మరుసటేడు. తరవాత అనడం మానేశాడు. మంచం మాత్రం ఎక్కలేదు, పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని అందులోనే కాపలా కాసేవాడు. బాసిలియా, అదే ఆ మనవరాలు, పెద్దదై ఒళ్ళో పట్టకుండా పోయేసరికి లూగార్దాకి ఇంకొకడు పుట్టాడు. ఆ తరవాత ఇంకొకతి. ఆ పిల్లలూ పెద్దవాళ్ళయ్యారు. ఇక చేతుల్లో పెట్టడానికి పిల్లలు లేరు. ఒకరోజు సాయంత్రం మామయ్య చాలాకాలం తరవాత బండి చక్రాలు చూసుకోవడానికి లేవబోయాడు. అత్త ఆయన కుర్చీ పక్కన నేల మీద చాప పరుచుకుని, పడుకుని, కుడిచెయ్యి పైకెత్తి ఆయన చేతిలో పెట్టింది.

"పట్టుకో. వదిలితే నాకు తెలుస్తుంది," అంది.

ఆయన పోయేదాకా అలాగే జరిగింది. రోజూ చెయ్యి పైకి పెట్టుకునే పడుకుంది ఆవిడ. భుజం బిగుసుకుపోయింది. జడ వేసుకోలేకపోయేది, నేనో లూగార్దానో వేసేవాళ్ళం. ఎన్నిసార్లో అడిగాను, ఆయన గాఢంగా నిద్రపోయాక మెల్లిగా తీసేసుకోవచ్చు కదత్తా, ఎవరు చూడొచ్చారు అని.

"ఆయనకి మెలకువొస్తే?" అనేది. "ఖాళీ చేతులు చూసుకుంటే?"

దేశాలు ఎలా పెరుగుతాయో పటాల్లో రంగులేసి చూపిస్తున్నారట ఇప్పుడు బడిలో. మా పల్లానికి ఏ రంగు వేశారో నేను చూడలేదు. నాకు మా అత్త భుజం తెలుసు.

మామయ్య ఒక చలికాలం జ్వరం వచ్చి కుర్చీలోనే పోయాడు. చర్చి వెనక గొయ్యి తవ్వారు. కొత్త పాదిరి, ఎక్కడో దూరదేశం నుంచి వచ్చినవాడు, మా సంగతులు తెలియనివాడు. గొయ్యి ముందు నిలబడి, "మన సోదరుడు అనాస్తాసియో ఈ నేలలో నిద్రించుచున్నాడు," అని మొదలుపెట్టాడు.

"ఆ మాట వద్దండీ," అంది అత్త.

పాదిరి ఆగాడు. ఆవిడ గొంతు పెంచలేదు.

"ఆయన నిద్రపోలేదండి. ఇక్కడున్నన్నాళ్ళూ ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు. పక్కనే ఉన్నాను, నాకు తెలీదా? వాళ్ళ తమ్ముడు వింటూంటాడు. వేరే మాట ఏదన్నా చెప్పండి."

పాదిరి ఊరివాళ్ళవైపు చూశాడు. మామయ్య గురక విన్న ఇరుగుపొరుగు అంతా అక్కడే ఉన్నారు. వేళాకోళమాడినవాళ్ళూ ఉన్నారు. మా నాన్న టోపీ తీసి రొమ్ముకి ఆనించుకుని, "అవును పాదిరిగారూ, నిద్రపోలేదు," అన్నాడు. వెనకనుంచి ఇంకో గొంతు, ఇంకో గొంతు అదే మాట అన్నాయి.